పరుపుల చాచా గోడ, నా బాస్ పెట్టె

ఆ రోజుల్లో, మనిషి మొదటి జీతంతో ఏం కొన్నాడో చూసి వాడి భవిష్యత్తు చెప్పేయొచ్చని మా అమ్మమ్మ నమ్మకం. నాతోపాటు ఉద్యోగంలో చేరినవాళ్ళలో ఒకతను బండి కొన్నాడు, ఒకామె చెవులకి దుద్దులు కొనుక్కుంది, ఇంకొకతను చెల్లెలి కాలేజీ ఫీజు కట్టి మా అందరినీ తలదించుకునేలా చేశాడు. నేను ఖమ్మం వెళ్ళి రెండు చిన్న స్పీకర్లనీ, వాటికి తోడుగా ఒక పెద్ద నల్ల పెట్టెనీ కొనుక్కొచ్చాను. (నా భవిష్యత్తు గురించి అమ్మమ్మ ఆ రోజు ఏమీ చెప్పలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "బియ్యం పోసుకోడానిక్కూడా పనికిరాదు గదే ఇది" అని మాత్రం అంది.) షాపువాళ్ళు దాన్ని సబ్ ఊఫర్ అన్నారు. మా ఇళ్ళ లైనులో అందరూ బాస్ పెట్టె అన్నారు. పాటలో డోలు, డప్పు, మృదంగం లాంటి లోతు మోతలన్నీ దాని వంతు, మిగతాదంతా చిన్న స్పీకర్ల వంతు. దానికి కరెంటు ప్లగ్గు వేరే. వెనకవైపు రెండు నాబ్‌లూ, ఒక చిన్న స్విచ్చీ ఉండేవి. వాటి పక్కన ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. పెట్టెతోపాటు ఒక పుస్తకం కూడా ఇచ్చారు. డిగ్రీ పాసైన మనిషికి పుస్తకం చదివి నాబ్ తిప్పాల్సిన ఖర్మ ఏమిటని దాన్ని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అటక మీద పడేశాను.

అప్పుడు నేను ఇల్లందు పక్క అడవిలో బీట్ ఆఫీసర్‌ని. ఖాకీ బట్టలు, నడుముకి బెల్టు, కాళ్ళకి బూట్లు. ఉద్యోగమంతా నడకే. టేకు చెట్లు లెక్కపెట్టుకుంటూ, నరికిన మొద్దు కనిపిస్తే దాని పక్కన నిలబడి కోపం తెచ్చుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచేదాన్ని. అడవిలో నిశ్శబ్దం గొప్పదని పుస్తకాల్లో రాస్తారు. రోజూ దాంట్లోనే బతికేవాళ్ళకి సాయంత్రమయ్యేసరికి చెవులకి ఆకలేస్తుంది. ఇంటికి రాగానే బూట్లు విప్పి, గది మధ్యలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, గట్టిగా ఒక పాట వింటే తప్ప మనుషుల్లో పడ్డట్టు ఉండేది కాదు.

ఇల్లు పరుపుల చాచాది. ఆయన దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయిన ప్రతి జంటా మొదట చాచా పరుపు మీదే పడుకుందని ఆయన భార్య చాచీ కాస్త గర్వంగా చెప్పుకునేది. ఆ ఇంటిని మధ్యలో గోడ పెట్టి రెండు చేసి, ఒక సగంలో తామిద్దరూ ఉండి, రెండో సగం నాకు కిరాయికిచ్చారు. నేను ఒక్కదాన్నే ఉంటానని పెనుబల్లి నుంచి అమ్మమ్మని తోడు పంపించింది మా అమ్మ. అమ్మమ్మ వచ్చిన వారానికే చాచీకి పచ్చళ్ళు, చాచీ నుంచి అమ్మమ్మకి సేమియా, ఆ గోడ చుట్టూ తిరగడం మొదలైంది. ఊరి పక్కనే ఓపెన్ కాస్ట్ బొగ్గు బాయి, అంటే పైనుంచి తవ్వే గని, ఉండేది. మధ్యాహ్నం సైరన్ మోగేది, కాసేపటికి బ్లాస్టింగ్. కిటికీలు ఒకసారి గల్లుమనేవి. ఎవరూ చేతిలో పని ఆపేవారు కాదు. అలవాటైన అత్తగారి సణుగుడులాగా, వినపడేది గానీ ఎవరూ వినేవారు కాదు.

పెట్టె తెచ్చిన రోజు దాన్ని మూలన పెట్టాను. "మూలకు పెట్టుండ్రి మేడం, బాస్ మస్తుగ వస్తది" అని షాపాయన చెప్పి పంపాడు మరి. మూల అంటే చాచా వాళ్ళ గోడా, మా వంటింటి గోడా కలిసే చోటు. అమ్మమ్మ మంచం కూడా అక్కడే. పాట పెట్టి కుర్చీలో కూర్చున్నాను. గొంతు వచ్చింది, వేణువు వచ్చింది, డోలు మాత్రం రాలేదు. పాట ఆపి, లేచి వెళ్ళి వాల్యూమ్ నాబ్ కాస్త తిప్పి, వచ్చి కూర్చుని రిమోట్‌తో మళ్ళీ పెట్టాను. రాలేదు. ఇంకాస్త తిప్పాను. రెండో నాబ్ దేనికో తెలియకపోయినా దాన్ని కూడా ఆ చివరికి తిప్పాను. అప్పుడు పాడేవాడి గొంతు కాగులో తలపెట్టి పాడినట్టు మారింది గానీ డోలు జాడ లేదు. చివరికి రెండు నాబ్‌లూ ఇక తిరగనని మొరాయించే చోటికి చేరాయి. షాపాయనకి ఫోన్ చేశాను. "కొత్తది గద మేడం, నాలుగు దినాలు నడవనియ్యుండ్రి, అదే తెరుసుకుంటది" అన్నాడు. (కొత్త చెప్పులకి చెప్పే మాట పెట్టెకి కూడా చెల్లుతుందని నేను నమ్మాను.) సరే, తెరుచుకోనీ అని, రోజూ సాయంత్రం ఆ రెండు నాబ్‌లూ చివరనే ఉంచి పాటలు వినడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే మా లైనులో వింతలు మొదలయ్యాయి. మొదట అమ్మమ్మకి. సాయంత్రం మంచం మీద ఒత్తిగిలిన మనిషి ఛాతీ పట్టుకుని లేచి కూర్చుంది. "ఏంటోనే, కడుపులోనించి గుండెల దాకా దడదడమంటంది. ఎవరో లోపల రోకలేసి దంచుతున్నట్టుందే" అంది. నేను పాట ఆపి, కంగారుగా వచ్చి చెయ్యి పట్టుకుని చూశాను. "ఇప్పుడు తగ్గిందే" అంది. గ్యాస్ అనుకుని వాము నీళ్ళు ఇచ్చాను. మర్నాడు మళ్ళీ అంతే. దవాఖానాకి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ గుండె చూసింది, బీపీ చూసింది, అన్నీ బాగున్నాయంది. "ఎప్పుడు వస్తది పెద్దమ్మా ఈ దడ?" అని అడిగింది. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, "మా మనవరాలు డ్యూటీ దిగి ఇంటికి రాగానే మొదలవుద్దమ్మా. అది పొద్దున్నే పోయాక మళ్ళా సాయంత్రం దాకా ఉండదు" అని ఉన్నమాట చెప్పింది. డాక్టరమ్మ నా ఖాకీ బట్టల వైపూ, బెల్టు వైపూ చాలాసేపు చూసి, నన్ను పక్కకి పిలిచి, "పెద్దవాళ్ళ మీద గట్టిగ అరవొద్దమ్మా, తట్టుకోలేరు" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో నేను గుసగుసలాడినట్టు మాట్లాడేదాన్ని. అయినా అమ్మమ్మ దడ తగ్గలేదు.

తర్వాత వంటింట్లో. పాట పెట్టి మంచినీళ్ళకి లేస్తే వంటింట్లో డబ్బాల మూతలు గలగలమనేవి. స్టాండులో గ్లాసులు ఒకదాన్నొకటి తడుముకునేవి. బాయిలో ఈ వేళప్పుడు బ్లాస్టింగ్ ఏమిటని, సరిగ్గా విందామని పాట ఆపేదాన్ని. ఆపగానే నిశ్శబ్దం. నేను ఆపే లోపల వాళ్ళు పేల్చడం అయిపోతోందని అనుకున్నాను. ఒకసారి కాదు, రోజూ అలాగే అనుకున్నాను. (ఇక్కడ పాఠకులు నన్ను ఎంత కావాలంటే అంత అనుకోవచ్చు. నేను ఇప్పటికే అనుకున్నాను.)

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ చాచా ఇంట్లో తగిలింది. మా గోడకి అవతలివైపు చాచీ ఒక చెక్క అరలో పింగాణీ ప్లేట్లు నిలబెట్టి పెట్టుకుంది. వాళ్ళ అమ్మ ఇచ్చినవట. పండగకి కిందికి దించి, కడిగి, మళ్ళీ నిలబెట్టేది. ఒక సాయంత్రం వాటిలో ఒకటి మెల్లమెల్లగా నడుచుకుంటూ అర అంచు దాకా వచ్చి కింద పడింది. నడుచుకుంటూ వచ్చిందన్నది చాచీ మాట. గోడ మీద పాత పగులు ఒకటి ఉంటే అది కూడా పెరిగిందని చాచా అనుమానం. ఆ మర్నాడు నేను డ్యూటీ నుంచి వస్తుంటే చాచా వాకిట్లో దూది మూటల మధ్య ఊరికే కూర్చుని ఉన్నాడు. చేతిలో సూది లేకుండా ఆయన్ని చూడటం అదే మొదలు.

"ఏంది చాచా, గిట్ల కూసున్నరు?" అన్నాను.

"ఇల్లు నిలువదు బేటీ. రోజూ పొద్దుగూకి మగ్రిబ్ నమాజు యాళకు గోడ వణుకుతుంది. మా పెద్దోడు ఖమ్మం రమ్మంటుండు. రెండు అర్రలున్నయి, వచ్చి పడుండ్రి అబ్బా అంటుండు. పండగ ఎళ్ళినంక పోతం."

లోపల చాచీ గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది. అంతే. జ్వరమొస్తే నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది చాచీ. ఉద్యోగంలో చేరిన మొదటివారం కాళ్ళు బొబ్బలెక్కితే, బూట్లలో పెట్టుకోమని దూది మెత్తలు కుట్టి ఇచ్చింది చాచా. ఆ మనుషులు కట్టుకున్న ఇల్లు వదిలి కొడుకు ఇంట్లో ఒక గదిలో సర్దుకోబోతున్నారు.

"మీరేడికీ పోవద్దు చాచా. బాయోళ్ళ సంగతి నేను సూస్త" అన్నాను.

ఈ మాట ఎదురింటి కండక్టర్ బాబాయి చెవిన పడింది. ఆయన ఆర్టీసీలో రిటైరయ్యాడు గానీ టికెట్, టికెట్ అని అరిచిన గొంతు రిటైరవలేదు. "అవ్ బిడ్డా, ఊకుంటే ఇళ్ళు కూలినంక వస్తరు వాళ్ళు. పోదాం పా. నువ్వు ముందుండు, నీకు యూనిఫాం ఉన్నది" అన్నాడు. మర్నాడు నేనూ, బాబాయీ, చాచా, మా లైను మనుషులు ఇంకొందరూ కలిసి బాయి ఆఫీసుకి వెళ్ళాం. నేను ఖాకీలోనే వెళ్ళాను. అక్కడ బ్లాస్టింగ్ చూసుకునే సార్ బక్కపలచగా, కళ్ళద్దాలతో, మెత్తగా ఉన్నాడు. మెత్తగా ఉన్నవాళ్ళ ముందు మనకి ధైర్యం ఎక్కువ వస్తుంది కదా. బల్ల మీద చెయ్యి వేసి, అడవిలో దొంగ కలప పట్టుకున్నప్పుడు మాట్లాడే గొంతుతో, "సాయంత్రం పూట ఎవరి పర్మిషన్‌తోటి పేలుస్తున్నరు సార్?" అని అడిగాను.

"సాయంత్రం మేము పేల్చమమ్మా. మధ్యాహ్నం ఒక్కసారే" అన్నాడాయన.

"మరి మా గోడలెందుకు ఊగుతున్నయ్? మా అమ్మమ్మ గుండె ఎందుకు అదురుతుంది? దవాఖానాకు గూడ తీస్కపోయిన."

వెనకనుంచి బాబాయి, "చెప్పుండ్రి సార్, ముసలామె గుండెకు ఎవరు జవాబు?" అని అందుకున్నాడు. ఆయన ఆ మాటని వచ్చేటప్పుడు దారిలోనే సిద్ధం చేసుకున్నాడు. సార్ గొడవపడలేదు. కాసేపు ఆలోచించి, "ఆదివారం మాకు బ్లాస్టింగే ఉండదు. ఆ రోజు నేనే అదురు కొలిచే మిషన్ తెచ్చి మీ ఇంట్లో పెడతా. అప్పుడు కూడా ఊగితే చూద్దాం" అన్నాడు. మేం గెలిచినట్టే తిరిగొచ్చాం. ఆ సాయంత్రం నా కుర్చీలో కూర్చుని, గెలుపు సంతోషంలో పాటలు ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపు విన్నాను.

ఆదివారం సాయంత్రం సార్ వచ్చాడు. మిషన్ టిఫిన్ డబ్బా అంత ఉంది. దాన్ని చాచా గోడ పక్కన గచ్చు మీద పెట్టి, ఒక వైరు బిగించి, చిన్న తెర మీద గీత కనపడేలా చేశాడు. గీత తిన్నగా ఉంది. మేమంతా దాని చుట్టూ కూర్చున్నాం. చాచీ చాయ్ ఇచ్చింది. గీత తిన్నగానే ఉంది. వాకిట్లో లైను జనమంతా నిలబడ్డారు. బయట మేక అరిస్తే గీత కొంచెం కూడా కదల్లేదు. సార్ చాయ్ తాగడం అయిపోయింది. ఈ ఒక్క రోజు గోడ ఊగకపోతే మా అందరి మాటా అబద్ధమవుతుంది, చాచా ఖమ్మం వెళ్ళిపోతాడు, సర్కారు మనిషినై ఉండి ఇంకో ఆఫీసులో బల్ల మీద చెయ్యి వేసినందుకు ఈ సార్ మా రేంజ్ ఆఫీసర్‌కి ఫోన్ చేస్తాడు. ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగం. ఊగు తల్లీ, కొంచెమైనా ఊగు అని గోడకి మొక్కుకున్నాను.

గోడ ఊగింది.

అర మీద ప్లేట్లు కిర్రుమన్నాయి. తెర మీద గీత ఎగిరి పడింది. చాచా "యా అల్లా" అని గోడ మీద చెయ్యి పెట్టాడు. కండక్టర్ బాబాయి లేచి నిలబడ్డాడు. నేను సార్ వైపు తిరిగి, "సూసిండ్రా సార్? ఇప్పుడేమంటరు?" అన్నాను. అంత సంతోషంగా నా జీవితంలో చాలా తక్కువసార్లు మాట్లాడాను. ఆయన నా వైపు చూడలేదు. గీతనే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ, ఆయన కుడిచెయ్యి మోకాలి మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. తా, తకిట, తా, తకిట. గీత కూడా అలాగే లేచి పడుతోంది.

"అమ్మా," అన్నాడు మెత్తగా, "బ్లాస్టింగ్ తాళం వెయ్యదు గదా."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన లేచి గోడకి చెవి ఆనించాడు. తర్వాత చాచాని రమ్మని ఆయన చెవి కూడా ఆనించాడు. చాచా మొహం మొదట ముడుచుకుంది, తర్వాత విప్పారింది. "ఇది భజన బేటీ" అన్నాడు నాతో.

అందరం బయటికి వచ్చి మా తలుపు తోశాం. గది మధ్యలో నా కుర్చీలో అమ్మమ్మ కూర్చుని ఉంది. చేతిలో రిమోట్. అందరూ పక్కింటికి వెళ్ళిపోయి తనని ఒక్కదాన్నీ వదిలేశారని, నేను నేర్పించినట్టే బటన్ నొక్కి భజన పెట్టుకుంది. పాట గదిలో మామూలుగానే వినపడుతోంది. మమ్మల్ని చూసి సౌండు తగ్గించి, "గోడ ఊగిందా లేదా ఇంతకీ?" అని అడిగింది.

నేను నేలవైపు చూస్తున్నాను. ముందు నవ్వింది చాచీ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగక, గుమ్మం పట్టుకుని నవ్వింది. చాచా నవ్వాడు. వాకిట్లో ఉన్న లైనంతా నవ్వింది. కండక్టర్ బాబాయి ఒక్కడే నవ్వలేదు. "గట్లయితే ముసలామె గుండెకు జవాబు ఎవరు మరి?" అని గొణిగాడు. ఆ మాటకి అమ్మమ్మ, "నా గుండెకేమైందయ్యా? కుర్చీలో కూకుంటే దడే లేదు. ఆ మంచమే మంచిది కాదు" అంది.

సార్ మూలన ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి వెనకాల చూశాడు. రెండు నాబ్‌లూ చివరికంటా తిరిగి ఉన్నాయి. "రెండూ ఇట్ల ఎందుకు పెట్టావమ్మా?" అన్నాడు. కుర్చీలో కూర్చుంటే బాస్ వినపడదని చెప్పాను. ఆయన కుర్చీ వైపు చూశాడు, గోడల వైపు చూశాడు, మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆయనకీ ఇంట్లో ఇలాంటి పెట్టే ఉందట. వాళ్ళావిడ దాన్ని ముట్టుకోనివ్వదట. "లోతు మోత గోడలకి కొట్టుకుని వెనక్కి వస్తదమ్మా. వచ్చేదీ పోయేదీ కొన్ని చోట్ల కలిసి పెద్దదవుతది, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి తినేస్తది. నువ్వు సరిగ్గా తినేసే చోట కుర్చీ వేసుకున్నావు. గది మొత్తంలో బాస్ వినపడని చోటు ఇదొక్కటే. పెట్టెనేమో మూలకి నెట్టి గోడకి ఆనించావు. ఇంకేముంది, మోతంతా చాచాకి, మంచానికి" అన్నాడు. ఇంతకాలం చాచా కిరాయి తీసుకుని నా పాటలు కూడా తనే విన్నాడన్నమాట.

"మరి యాడ పెట్టాలె సార్?" అని చాచా అడిగాడు. ఆ ప్రశ్న నేను అడగాల్సింది.

సార్ చెప్పిన పద్ధతి విని నమ్మడానికి మాకు కాస్త సమయం పట్టింది. పెట్టెను కుర్చీ ఉన్న చోట పెట్టాలి. పాట పెట్టాలి. మనిషి నేల మీద పాకుతూ, గోడల వెంబడి తల కిందికి పెట్టుకుని వినాలి. ఎక్కడ డోలు నిండుగా, ఉబ్బరించకుండా వినపడుతుందో అక్కడ పెట్టెను పెట్టాలి. "పెట్టె, చెవి చోట్లు మార్చుకుంటాయి, అంతే" అన్నాడు. పెట్టెను ఎత్తి నా కుర్చీలో కూర్చోబెట్టాం. నాబ్ సగానికన్నా తక్కువకి తిప్పారు. అమ్మమ్మ రిమోట్ నొక్కింది. నేను చున్నీ నడుముకి బిగించి మోకాళ్ళ మీద పాకడం మొదలుపెట్టాను. మూల దగ్గర డోలు పొట్టపగిలేలా మోగింది. మంచం కింద ఇంకా ఎక్కువ. ("చెప్పానా, మంచమే మంచిది కాదని" అంది అమ్మమ్మ.) కిటికీ కింద సన్నగా, దిగాలుగా ఉంది. వాకిట్లో జనం ఒకరి భుజం మీద ఒకరు పడి చూస్తున్నారు. ఇది ఒక్కదాని వల్ల అయ్యే పని కాదనుకున్నాడో ఏమో, చాచా లుంగీ పైకి మడిచి తానూ కిందికి దిగాడు. ఆయన గుమ్మం వైపు నుంచి, నేను వంటింటి వైపు నుంచి. తెల్లగడ్డం నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని, దూదిలో గింజ కోసం వెతికినంత శ్రద్ధగా విన్నాడాయన. చివరికి బియ్యం డ్రమ్ము పక్కన ఇద్దరం ఒకేచోట తలలు పెట్టి ఆగిపోయాం. డోలు అక్కడ డోలులాగే ఉంది. గట్టిగా కాదు, దగ్గరగా.

"గిక్కడ" అన్నాడు చాచా.

పెట్టెను డ్రమ్ము పక్కన, గోడకి మూరెడు ఎడంగా పెట్టాం. రెండో నాబ్ క్రాస్ఓవర్ అట. ఏ మోత దాకా పెట్టెది, ఎక్కణ్ణుంచి చిన్న స్పీకర్లది అని పొలం గట్టు వేసేది అదే. దాన్ని సార్ మెల్లగా వెనక్కి తిప్పుతుంటే పాడేవాడు కాగులోంచి తల బయటికి తీశాడు. చిన్న స్విచ్ ఫేజ్‌ది. పెట్టె తోసే గాలీ, చిన్న స్పీకర్లు తోసే గాలీ కలిసి తోస్తున్నాయా, ఎదురెదురుగా తోసుకుంటున్నాయా అని చూసుకోవడానికి. అటూ ఇటూ వేసి, ఎటు నిండుగా ఉందో కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పాలి. అందరూ కుర్చీలో వంతులవారీగా కూర్చుని తలోమాటా చెప్పారు. కండక్టర్ బాబాయి మాత్రం కళ్ళు మూసుకుని, రెండుసార్లు వేయించుకుని విని, "రైట్ రైట్, ఇటే ఉంచు" అని తేల్చేశాడు. అప్పుడు కాస్త మనుషుల్లో కలిశాడు. వాల్యూమ్ సంగతి గోడ అవతల కూర్చున్న చాచీ తేల్చింది. మేం ఇక్కడ నాబ్ ఒక గీత పెంచి, "చాచీ, ఇప్పుడు?" అని కేకేసేవాళ్ళం. "ఊగుతలే" అనేది. ఇంకో గీత. "ఊగుతలే." ఇంకో గీత. "ప్లేట్ నడుస్తుందే." ఒక గీత వెనక్కి. అది మా ఇంటి కొలత అయింది. ఆ మీదట చాచా తన మూటల్లోంచి మందపాటి దూది మెత్త ఒకటి తెచ్చి, చిన్న పరుపులా కుట్టి, పెట్టె కింద పరిచాడు. "ఇగ దీనిక్కూడ మంచి నిద్ర పడతది" అన్నాడు.

సార్ మిషన్ సర్దుకుంటూ, "మా ఆఫీసులో అడిగితే ఏం చెప్పమంటావు? అదురుకి కారణం అమ్మమ్మ అని చెప్పనా?" అన్నాడు. నేను బల్ల మీద చెయ్యి వేసిన సంగతి గురించి ఏదో అనబోయాను. ఆయన విననట్టు కుర్చీలో కూర్చుని, "ఒక పాట పెట్టమ్మా, వినిపోతా. మా ఇంట్లో కుదరదు" అన్నాడు. ఒకటి కాదు, చాలా విన్నాడు. చాచీ మళ్ళీ చాయ్ పెట్టింది. పండగ వచ్చింది, వెళ్ళింది. చాచా, చాచీ ఎక్కడికీ వెళ్ళలేదు. ఖమ్మం నుంచి పెద్ద కొడుకు ఫోన్ చేసి గోడ సంగతి అడిగితే, "గోడ మంచిగనే ఉన్నది. భజన ఒకటే బందైంది" అని చెప్పాడట చాచా. అమ్మమ్మ దడ ఆ రోజుతో పోయింది. కానీ నా వల్లే వచ్చిందన్న మాటని మాత్రం ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు. మంచాన్ని పెనుబల్లి పంపించేదాకా నిద్రపోలేదు.

ఇప్పుడు నేను భద్రాచలం అవతల, అడవి లోపలి సెక్షన్‌లో పనిచేస్తున్నాను. క్వార్టర్ పాతది, గది పొడుగ్గా, పైకప్పు ఎత్తుగా ఉంటుంది. సామాను దించిన మొదటి ఆదివారం పెట్టెకి ప్లగ్గు దొరికిన చోటు ఒక్కటే. అక్కడ పెట్టి, పాట పెట్టి, కుర్చీలో కూర్చుంటే డోలు మళ్ళీ మాయం. చున్నీ నడుముకి బిగించి నేల మీదికి దిగాను. అప్పుడే ఏదో పని మీద వచ్చిన వాచర్, నాలుగు కాళ్ళ మీద ఉన్న మేడంని గుమ్మంలోంచి చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాడు. మేడం క్వార్టర్లో పాము దూరిందని ఊరంతా చెప్పాడు. ఇన్నేళ్ళ అడవి నడక మోకాళ్ళలో కూర్చుని ఉంది కదా, సగం గది దాటేసరికి ఎడమ మోకాలు పట్టేసింది. లేవలేక అక్కడే గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాను. పైన కప్పుకి ఒక బల్లి, కిటికీలో వాన మబ్బు. పాట సాగుతోంది. కాసేపటికి డోలు మెల్లగా, నిండుగా, వీపు కింద గచ్చులోంచి వచ్చి నన్ను చేరింది. ఒకప్పటి పిల్లయితే లేచి, పెట్టెను ఇటు లాగి, వైర్లు పీకి, నాబ్‌లు తిప్పి, ఊరిని మేల్కొలిపేది. నేను పాట అయిపోయేదాకా పడుకుని, తర్వాత గోడ పట్టుకుని లేచి, కుర్చీని అక్కడికి జరుపుకున్నాను.